మఖ్మల్ గలేబులు

ధూల్‌పేటలో దుమ్ముకు సెలవుండదు. వినాయక చవితి ఇంకా నెలల దూరంలో ఉండగానే బొమ్మల కార్ఖానాల్లో ప్లాస్టర్ కలపడం మొదలవుతుంది. ఆ తెల్లటి పొడి గాలికి లేచి గడపల మీద, ఆరేసిన చీరల మీద, పొయ్యి మీది కూరగిన్నె మూత మీద కూడా వాలుతుంది. అందుకే ఆ గల్లీలో ఏ వస్తువుకైనా ఒంటిమీద గుడ్డ ఉండాల్సిందే. టీవీకి గలేబు, ఫ్రిజ్జుకు గలేబు, మిక్సీకి గలేబు. ఎవరింటికైనా కొత్త వస్తువు వచ్చిందంటే, దానికి బొట్టుపెట్టే లోపే కొలతలు తీసుకోవడానికి టైలర్ కృష్ణమ్మకు కబురు వెళుతుంది.

కాబట్టి యువజన సంఘం గదిలోకి మూడు కంప్యూటర్లు వచ్చిన రోజున కృష్ణమ్మ టేపు మెడలో వేసుకుని తనంతట తానే వచ్చేసింది. పక్క గల్లీలో అద్దెకుండే శ్రీహరిరావు గారు తమ ఆఫీసులో పాతబడిపోయినవాటిని అడిగి తెచ్చి సంఘానికి ఇచ్చారు. పెళ్లి మండపాల పరదాలు కుట్టగా మిగిలిన ముదురెరుపు మఖ్మల్ గుడ్డ కృష్ణమ్మ దగ్గర ఎన్నాళ్ల నుంచో దాగి ఉంది. దాన్ని తీసి మూడింటికీ గలేబులు కుట్టింది. అంచుకు బంగారు లేసు వేసింది. తెర పక్కనుండే సీపీయూ పెట్టె మీటకు చొక్కా గుండీకి కుట్టినట్టు కాజా కుట్టింది. తీగలు బయటికి రావడానికి వెనుక కుచ్చిళ్లు పెట్టింది. గల్లీ గల్లీ అంతా వచ్చి చూసి, "పెళ్లిపిల్లల లెక్కనే ఉన్నయి కృష్ణమ్మా" అని మెచ్చుకుంది.

కృష్ణమ్మ అందరికీ ఒకటే మాట చెప్పింది. "తెరమీది గలేబు తీసుకోండ్రి, ఆడుకున్నంకనో రాసుకున్నంకనో మళ్ల కప్పుండ్రి. పెట్టె గలేబు మాత్రం ఎవ్వలు ముట్టొద్దు. లోపలికి ఈ పొడి పోయిందంటే గంతే సంగతి."

ఎవరూ ముట్టలేదు.

ఆ కంప్యూటర్లకు ప్రాణం పోసింది మాత్రం కృష్ణమ్మ అక్క కూతురు వీణ. పరిగి దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్ కోసం చిన్నమ్మ ఇంటికి వచ్చింది. వచ్చి ఏడాది దాటినా గల్లీలో సగం మంది ఆమె గొంతు వినలేదు. కృష్ణమ్మ కూతురు మున్నీది ఆమె ఈడే, అదే కాలేజీ. మున్నీ గల్లీ ఈ చివర మాట్లాడితే ఆ చివర వినపడుతుంది. ఇద్దరి మాటలూ కలిపి దేవుడు మున్నీ ఒక్కదానికే ఇచ్చాడని కృష్ణమ్మ అంటుండేది.

ఆఫీసువాళ్లు ఇచ్చేముందు కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిచేశారు. వాటిలో వీణ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది. పల్లె బడిలో రాజరాజేశ్వరి టీచర్ ఇలాగే మూలపడిన యంత్రాలను బతికించింది. "ఇది ఎవరి సొత్తూ కాదమ్మా, అందరిదీ" అని చెప్పేది టీచర్. "ఎక్కడెక్కడివాళ్లో రాసి వదిలిపెట్టారు. లోపల ఏముందో తెరిచి చూడొచ్చు. నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు."

ఆ చివరి మాట వీణకు బాగా నచ్చింది. పరాయి ఇంట్లో, ఎంత చిన్నమ్మ ఇల్లయినా సరే, చక్కెర డబ్బా మూత తీయాలన్నా ఒక్క క్షణం ఆగే పిల్ల ఆమె. అడగకుండా ఏ తలుపైనా తీయగలిగిన చోటు ఆమెకు ఇదొక్కటే.

గల్లీ పిల్లలు మొదట్లో ఎగబడి వచ్చారు. తాము గేమ్ సెంటర్లో డబ్బు కట్టి ఆడే ఆటలు ఇందులో లేవని తెలిసి అలాగే వెళ్లిపోయారు. ఆ సెంటర్ నడిపే సాగర్ ఒకరోజు గుమ్మంలో నిలబడి తొంగిచూశాడు. "లినక్సా? గిది దఫ్తర్ల అర్జీలు కొట్టుకునేటందుకు భాయ్. దీంట్ల గేమ్ ఆడుడంటే ఎడ్లబండికి సైరన్ పెట్టినట్టే" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. సాగర్ చెడ్డవాడు కాదు. కానీ ఆటల విషయంలో గల్లీలో అతని మాటే తీర్పు.

 వీణ దగ్గర ఒక కార్ల పందెం ఆట ఉంది. లినక్స్‌తో పాటు ఉచితంగా దొరికేదే. దాని లోపలి బొమ్మలు, దారులు, రంగులు అన్నీ తెరిచే ఉంటాయి. ఎండాకాలం సెలవుల్లో ఆమె వాటిని తెరిచి, మంచుకొండల మధ్య మలుపులు తిరిగే దారిని తీసేసి, ఆ స్థానంలో ఒక గల్లీ కట్టడం మొదలుపెట్టింది. మొదట వీధి నల్లా, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. ఆ తర్వాత సీతారాం బొమ్మల కార్ఖానా ముందు వరసగా నిలబడే, రంగు పడని తెల్లటి వినాయకులు. మూలమీద మూతలేని మురుగు నాలీ. చిన్నమ్మ దుకాణం, గుమ్మంలో కుట్టుమిషన్. ఇదంతా మున్నీకి తప్ప ఎవరికీ తెలియదు. మున్నీ చేత నోరు మెదపనని ఒట్టు వేయించుకుంది వీణ.

ఆ ఒట్టు ఆషాఢం దాటలేదు.

బొమ్మల కార్ఖానా యజమాని, సంఘం అధ్యక్షుడు సీతారాం ఒక సాయంత్రం గది చూడటానికి వచ్చాడు. వానలు ముందే పడుతున్నాయి, తడి ఆరని చిన్న బొమ్మలు పెట్టుకోవడానికి చోటు లేదు. మూడు ఎర్రటి గలేబుల వైపు చూసి, "ఇవి ఎవ్వలన్న వాడుతున్నరా, ఉట్టిగనే ఉన్నయా?" అని అడిగాడు. గదిలో ఉన్న నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయితే పాత సామాన్లు కొనే కబాడీ ఆయనకు చెప్త. ఆదివారం బండి తీస్కొని వస్తడు. గది ఖాళీ అయితే నా గణపతులన్న తడవకుంట ఉంటరు."

వీణ పెట్టెలకు అడ్డంగా జరిగింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

మున్నీకి వచ్చింది. "ఎట్ల ఇస్తవు కాకా? మా వీణ గేమ్ చేసింది. కార్ల రేసు. ఆదివారం గల్లీల అందరికి చూపిస్తది."

"గేమా? దీంట్లనా?" అన్నాడు గుమ్మంలో ఉన్న సాగర్. "నడుమల ఆగకుంట ఒక్క రేసు పూర్తయితే నేనే అందరి ముందల చప్పట్లు కొడ్త."

సీతారాం గడ్డం గోక్కున్నాడు. ప్లాస్టర్ పొడి రాలింది. "సరే బేటీ. ఆదివారం పొద్దున అందరం వస్తం. నడిస్తే ఉంటయి. ఆగిందా, అదే బండిల పోతయి. మళ్ల లొల్లి పెట్టొద్దు."

అందరూ వెళ్లాక వీణ మున్నీ వైపు చూసింది.

"అట్ల చూడకే" అంది మున్నీ. "నువ్వు చెప్పవు. ఎవ్వలో ఒకరు చెప్పాలె గద."

మున్నీకి తెలియని సంగతి ఒకటుంది. ఆ ఆట నడవడం లేదు.

మొదటి చుట్టు బాగానే తిరుగుతుంది. రెండో చుట్టులో కారు జ్వరమొచ్చిన మనిషిలా తూలుతుంది. మూడో చుట్టులో తెర నల్లబడి పెట్టె మొత్తం ఆగిపోతుంది. మూడు కంప్యూటర్లలోనూ అదే తీరు. అర్జీలు రాసినప్పుడు, పాటలు విన్నప్పుడు మాత్రం ఏ బాధా లేదు.

ఆ వారమంతా వీణ కాలేజీ నుంచి నేరుగా గదికే వచ్చింది. బొమ్మల నాణ్యత తగ్గించింది. నీడలు తీసేసింది. అప్పటికీ ఆగకపోతే గుండె రాయి చేసుకుని, తాను కట్టిన గల్లీలోంచి ఒక్కొక్క వినాయకుణ్నే తొలగించింది. కార్ఖానా ముందు వరస బోసిపోయింది. అయినా మూడో చుట్టులో తెర నల్లబడింది. సాగర్ అన్నదే నిజమేమో అని మొదటిసారి అనిపించింది. టీచర్ చెప్పింది పల్లెలో పిల్లలను ఊరించడానికేమో అని కూడా అనిపించింది. ఆ రెండో ఆలోచనకు మాత్రం ఏడుపొచ్చింది.

శనివారం మధ్యాహ్నం వాన. గల్లీ పిల్లి ఒకటి తడిసి ముద్దయి గదిలోకి వచ్చింది. మూలన గోనెసంచులున్నాయి, పొడిగానే ఉన్నాయి. పిల్లి వాటిని వాసన కూడా చూడలేదు. నేరుగా వెళ్లి, ఆట నడుస్తున్న కంప్యూటర్ పెట్టె మీదికి ఎక్కి, మఖ్మల్ మీద ముడుచుకుని పడుకుంది. పక్కనున్న రెండు పెట్టెల మీదా అదే మఖ్మల్. వాటి జోలికి పోలేదు. కాసేపటికి అలవాటుగా తెర నల్లబడింది. వీణ నీరసంగా పక్క కంప్యూటర్లో ఆట పెట్టింది. ఒక చుట్టు తిరిగిందో లేదో, పిల్లి లేచి ఒళ్లు విరుచుకుని ఈ పెట్టె మీదికి మారింది.

వీణ చెయ్యి ఆగిపోయింది. పిల్లి పొట్ట కిందికి అరచెయ్యి పోనిచ్చింది. మఖ్మల్ అప్పుడే ఇస్త్రీ చేసిన గుడ్డలా వేడిగా ఉంది.

గలేబు అంచు మెల్లగా ఎత్తింది. అన్నం గిన్నె మూత తీసినప్పుడు కొట్టే ఆవిరిలా వేడిగాలి మొహానికి తగిలింది. పెట్టె వెనుక పంకా గిరగిరా తిరుగుతోంది పాపం, గాలి పోయే దారి లేక తన గాలే తాను పీలుస్తోంది. అర్జీ రాసేటప్పుడు పెట్టెకు పెద్ద కష్టం లేదు, వేడెక్కదు. ఆట ఆడితే ఒళ్లు వంచి పరుగెత్తాలి. ముక్కూ మూతీ మూసి పరుగెత్తమంటే ఎవరు పరుగెత్తగలరు?

లేచి తలుపు గడియ పెట్టింది. గలేబు తీసి పక్కన పెట్టి, పెట్టె చల్లారేదాకా ఆగి, తీసేసిన వినాయకులందరినీ మళ్లీ వరసలో నిలబెట్టి, నీడలు కూడా పెట్టి, పందెం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. గీత దాటింది. మళ్లీ పెట్టింది. మళ్లీ దాటింది. వీణ ఒంటరిగా, చప్పుడు లేకుండా నవ్వుకుంది. లినక్స్ మాట తప్పలేదు. టీచర్ మాట తప్పలేదు.

అంతలో పక్కన మడతపడి ఉన్న ఎర్రటి మఖ్మల్ మీద చూపు పడింది. బంగారు లేసు, కాజా, కుచ్చిళ్లు.

గల్లీ అందరి ముందు పెట్టెలు బట్టల్లేకుండా ఉంటే చిన్నమ్మ మొహం ఎలా ఉంటుంది? పైగా గలేబు లేకపోతే నెల తిరక్కుండా పొడి లోపలికి దూరుతుంది, అది కూడా నిజమే. ఊరి నుంచి వచ్చిన రోజున వీణ ఒంటి మీది బట్టలు చూసి ఒక్క మాటనకుండా, మరునాటికల్లా రెండు జతలు కుట్టి పెట్టిన మనిషి చిన్నమ్మ. ఆ చేతి పనిలో తప్పుందని ఏ నోటితో చెప్పాలి?

సాయంత్రం దుకాణం దగ్గరికి వెళ్లింది. కృష్ణమ్మ జాకెట్టుకు హుక్కులు కుడుతోంది.

"చిన్నమ్మా."

"ఏందే?"

"ఏం లేదు."

కాసేపాగి మళ్లీ, "చిన్నమ్మా" అంది.

"ఏందో చెప్పరాదు. పొద్దటి నుంచి మొహం గట్ల పెట్టినవు. జ్వరమొచ్చిందా?"

ఆ మాట పట్టుకుని వీణ చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. లేపింది. "ఏందే, యాడికే" అంటున్నా వినకుండా సంఘం గదికి తీసుకుపోయింది. వెనకాలే మున్నీ. గలేబు వేసి ఉన్న కంప్యూటర్లో ఆట పెట్టింది. రెండో చుట్టులో కారు తూలింది. వీణ చిన్నమ్మ అరచేతిని తీసుకుని మఖ్మల్ మీద పెట్టింది.

కృష్ణమ్మ చప్పున చెయ్యి తీసుకుంది. మళ్లీ పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యి అది, వేడి భాష తెలిసిన చెయ్యి. వంగి అంచు ఎత్తి చూసింది. వేడిగాలికి కళ్లు మూసుకుంది. తెర నల్లబడింది.

 కృష్ణమ్మ మూడు గలేబులనూ ఒకటొకటిగా తీసి, మడతపెట్టి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

"అయిపాయె" అంది మున్నీ. "అమ్మ తిడితే ఫికర్ లేదు. గిట్ల మాట్లాడకుంట పోయిందంటే మాత్రం..." మాట పూర్తి చేయలేదు. మున్నీ మాట పూర్తి చేయకపోవడం వీణ అంతకుముందు చూడలేదు.

ఆ రాత్రి అన్నాలప్పుడు కూడా కృష్ణమ్మ పెదవి విప్పలేదు. వడ్డించింది, తిన్నది, పడుకుంది.

తెల్లవారుతుండగా కుట్టుమిషన్ చప్పుడుకు వీణకు మెలకువ వచ్చింది. లేచి వెళ్లి చూస్తే, కృష్ణమ్మ చుట్టూ దోమతెర ముక్కలు. మఖ్మల్‌కు వెనుక వైపూ రెండు పక్కలా కిటికీల్లా కత్తిరించి, దోమతెర అమర్చి, కిటికీల చుట్టూ మళ్లీ బంగారు లేసు తిప్పింది. పొడి లోపలికి పోదు. గాలి ఆగదు.

తలెత్తకుండానే అంది. "బిడ్డకు ఊపిరాడకుంటే తల్లికి చెప్పొద్దా? వారం రోజులు నీలో నువ్వే కుమిలినవు. నేనేమన్న పులినా?"

"నీ లేసు... మస్తు కష్టపడి కుట్టినవు చిన్నమ్మా."

"కుట్టేటోళ్లకు విప్పుడు రాదా ఏంది? కొలత తప్పిన జాకెట్టు ఎన్ని విప్పిన నేను." సూదికి దారం ఎక్కిస్తూ ఒక్క క్షణం ఆగింది. "దుమ్ము సంగతి చూసిన, ఊపిరి సంగతి చూడలే. దా, ఈ అంచు పట్టుకో, జారుతున్నది."

వీణ అంచు పట్టుకుంది.

ఆదివారం జనం గదిలో పట్టలేదు. కిటికీల్లో కూడా తలలే. గుమ్మం బయట కబాడీ బండి వచ్చి నిలబడింది. సీతారాం ముందు కుర్చీలో కూర్చున్నాడు. "ఏందమ్మా కృష్ణమ్మా, పెళ్లిపిల్లలకు కిటికీలు పెట్టినవు?" అని ఎవరో ఆడమనిషి అడిగింది. "మొగని ముచ్చట్లు వినాలె గద" అంది కృష్ణమ్మ. నవ్వులు లేచాయి.

ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడాలి. ఒక పక్క సాగర్, ఇంకో పక్క మున్నీ. తెర రెండు ముక్కలైంది. వీణ మీట నొక్కింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనుక నుంచి ఒక ముసలాయన గొంతు వచ్చింది. "అరే, గది మన నల్లా గాదూ?"

"నల్లానే. అగ్గో ట్రాన్స్‌ఫార్మర్."

"గది మా మెట్లు. మా మెట్ల మీదికెళ్లి పోతున్నడు చూడు సాగర్ గాడు."

సాగర్ కారు పిడుగులా దూసుకుపోయింది. అతను ఆటల్లో ఎన్ని దేశాల దారులు చూశాడో. కానీ కార్ఖానా దాటాక వచ్చే మూల దగ్గర తాను రోజూ దాటే నాలీ ఉందని మరిచిపోయాడు. కారు అమాంతం అందులో దిగబడింది.

"నిరుడు బండితోటి గూడ గాడనే పడ్డడు" అని కిటికీలోంచి ఎవరో అన్నారు. గది దద్దరిల్లింది.

మున్నీ నాలీ దగ్గర గోడకు ఆనుకుని మెల్లగా తిప్పింది, రోజూ కాలేజీకి వెళ్లేటప్పుడు తిరిగినట్టే. రెండో చుట్టు. సాగర్ పుంజుకున్నాడు. మూడో చుట్టు మొదలైంది.

అందరి చూపూ తెర మీద ఉంది. వీణ చూపు మాత్రం పెట్టె వెనుక దోమతెర కిటికీ మీద ఉంది. పంకా గాలికి బంగారు లేసు సన్నగా వణుకుతోంది. ఆ లేసు కదులుతున్నంతసేపు భయం లేదు. పక్కన చిన్నమ్మ కూడా అటే చూస్తోంది. ఆమె అరచెయ్యి పెట్టె మీద ఉంది, పసిపిల్లకు జ్వరం చూస్తున్నట్టు. వీణ వైపు తిరిగి, లేదు అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ట్రాన్స్‌ఫార్మర్ దాటారు. వినాయకుల వరస దాటారు. నాలీ దగ్గర సాగర్ ఈసారి జాగ్రత్తగా వేగం తగ్గించాడు, ఆ తగ్గించడంలోనే మున్నీ ముందుకు పోయింది. కృష్ణమ్మ టైలరింగ్ షాపు ముందు గీసిన గీత దాటింది. తెర నల్లబడలేదు. మున్నీ కేకకు పిల్లి కిటికీలోంచి దూకి పారిపోయింది.

సాగర్ కుర్చీలోంచి లేచాడు. అన్నమాట ప్రకారం చప్పట్లు కొట్టాడు. గదంతా అందుకుంది.

సీతారాం మాత్రం కొట్టలేదు. తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి వచ్చి, కళ్లు చికిలించి చూస్తున్నాడు. గది మెల్లగా సద్దుమణిగింది.

"గిది తప్పు" అన్నాడు.

వీణ చప్పున లేసు వైపు చూసింది, అది కదులుతూనే ఉంది.

"నా కార్ఖానా బోర్డు నీలం రంగు ఏసినవు. నాది పచ్చ రంగు. మా బాపు ఏయించిన బోర్డు అది."

గది మొత్తం వీణ వైపు తిరిగింది. మున్నీ నోరు తెరవబోయి, ఎందుకో మూసుకుంది. ఇన్ని కళ్లు ఒక్కసారిగా తన మీద పడటం వీణకు ఎన్నడూ లేదు. కానీ అడిగింది తన ఇంటి సంగతి. అడగకుండా తలుపులు తీయగల ఇంటి సంగతి. గొంతు దానంతటదే వచ్చింది.

"మార్చొచ్చు కాకా. ఇప్పుడే మారుస్త."

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆటను మూసి దాని లోపలి గదులు తెరిచింది. ఇన్నాళ్లూ ఎవరికీ చూపని గదులు. బోర్డు బొమ్మను పైకి తీసింది. "ఏ పచ్చ కాకా? గిదా, ఇంక కొంచెం ముదురా?"

"ముదురు. ఆకు పచ్చ. ఆఁ, అదే."

ఆటను మళ్లీ తెరిచింది. గల్లీలోకి కారు వెళ్లింది. కార్ఖానా మీద ఆకుపచ్చ బోర్డు వెలిగింది. సీతారాం చాలాసేపు దాన్నే చూశాడు. ప్లాస్టర్ అంటిన చేత్తో కళ్లు తుడుచుకోబోయి, పొడి పడుతుందని గుర్తొచ్చి భుజంతో తుడుచుకున్నాడు.

"మా సెంటర్ల గేమ్‌లు గిట్ల మార్చరాదు" అన్నాడు సాగర్, సగం తనలో తాను. "కొనుక్కుంటం, ఆడుతం. గంతే. లోపలికి చెయ్యి పెట్టనియ్యరు."

సీతారాం బయటికి కేకేశాడు. "ఏ కబాడీ భాయ్, నువ్వు పో. ఇక్కడేం లేదు." తర్వాత మున్నీతో, "నా గణపతులను మా వరండాల పెట్టుకుంట. వాళ్లకు జాగ లేకనా" అన్నాడు.

అప్పటికే వీణ చుట్టూ జనం మూగారు. "మా ఇంటి ముందల తులసి కోట మర్చినవు బిడ్డా." "మా గేటుకు రెండు రెక్కలు, నువ్వు ఒక్కటే పెట్టినవు." "మా మేకను పెడ్తవా?" ఒక్కొక్కరికీ వీణ జవాబు చెబుతోంది. పెడ్త పెద్దమ్మా. రెండో రెక్క రేపు పెడ్త తాతా. మేక నడిచేటట్టు చూపించాలంటే జర టైమ్ పడుతది.

గుమ్మం దగ్గర ఒకామె కృష్ణమ్మ మోచేయి పట్టుకుని అడిగింది. "ఇంత పనితనం యాడ నేర్చిందే పిల్ల?"

కృష్ణమ్మ మెడలోని టేపు సవరించుకుంది. "గలేబు నేను కుట్టిన. ఆట మా బిడ్డ కుట్టింది" అంది, గది అంతటికీ వినపడేలా.

వీణ చెవులు వేడెక్కాయి. తల మాత్రం వంచుకోలేదు.

చివరగా సాగర్ వచ్చాడు, జేబుల్లో చేతులు పెట్టుకుని. "చెల్లే, మా సెంటర్ గూడ పెట్టరాదు గల్లీల. యాడనో ఒక మూలకు."

వీణ తెర మీద గల్లీని పైనుంచి కింది దాకా జరిపింది, చోటు వెతుకుతున్నట్టు.

"పెడ్త అన్నా" అంది. "నాలీ పక్కన జాగ ఉన్నది."